పెరుగుకెళ్లిన హవల్దారు

రాజమండ్రి సెంట్రల్ జైల్లో వంటశాల ఎవరిదని అడిగితే వార్డర్లు కూడా పతిరాజుగారిదనే చెబుతారు. పేరుకు ప్రభుత్వానిదే. కానీ ఆయన రుచి చూడకుండా పులుసు దిగదు, ఆయన తల ఊపకుండా అన్నం గుండిగ కదలదు. ఖైదీలకిచ్చే బట్టలకి ఇస్త్రీ ఎక్కడుంటుంది? వాటినే పరుపు కింద పెట్టి పడుకుని, తెల్లారేసరికి మడత నలగకుండా తొడుక్కుని, గుమ్మంలో నిటారుగా నిలబడి ఉంటాడు. కూరలు తరిగేవాళ్లు వచ్చి ఆయన ముందు వరసలో నిలబడి పేర్లు చెప్పి మరీ లోపలికి వెళతారు. అలా చెప్పాలని ఎవరూ రూలు పెట్టలేదు. ఆయన్ని చూస్తే చెప్పాలనిపిస్తుంది, అంతే.

వంకాయ ముక్కలు ఒకటి లావుగా, ఒకటి సన్నగా తరిగినవాడిని ఆయన తిట్టడు. ముక్క చేతిలోకి తీసుకుని, "ఏంటండీ ఇది?" అంటాడు. ఆ అండీ వినలేక, దారి దోపిడీలు చేసి వచ్చినవాడు కూడా తల వంచుకుని మళ్లీ కత్తిపీట ముందు కూర్చుంటాడు.

ఈ అండీ ఆయనకి భీమవరం దగ్గర పల్లెలో, రాజుల ఇంట్లో పుట్టినందుకు వచ్చింది. వాళ్లమ్మ రత్నమాణిక్యంగారు పొద్దున్నే పాలు పితకడానికి కూర్చుంటూ గేదెని సైతం "కాస్త జరగండి" అనే మనిషి. భోజనం వేళకి గుమ్మం తొక్కినవాడు కరెంటు బిల్లు తీసేవాడైనా, దారి తప్పిన లారీ డ్రైవరైనా, విస్తరి ముందు కూర్చోవలసిందే. కూర్చున్నాక పెరుగన్నం తినకుండా లేవడానికి వీల్లేదు. పెరుగు వెయ్యకుండా మనిషిని లేవనిస్తే ఆ పెట్టిందంతా పెట్టనట్టే లెక్క. పతిరాజు పద్దెనిమిదేళ్లు నిండగానే సైన్యంలో చేరి, కొండల్లో, మంచులో, ఇసుకలో తిరిగి, హవల్దారయ్యి, హిందీలో కుర్రాళ్లని చెవులు మూసుకునేలా తిట్టడం నేర్చుకున్నాడు. కానీ తెలుగులో తిట్టడం ఆయనకి రాలేదు. తెలుగు నోటికి రాగానే వాళ్లమ్మ వచ్చి పక్కన కూర్చున్నట్టే ఉంటుంది.

మరి ఇంత మర్యాదస్తుడు జైలుకెందుకు వచ్చాడయ్యా అంటే, ఆ మర్యాద వల్లే వచ్చాడు.

సంగతి ఇదీ. ఆయన బెటాలియన్‌లో ఏసురాజని ఒక సిపాయి ఉండేవాడు. కాకినాడ అవతల సముద్రపొడ్డు కుర్రాడు, చేపల వేటకెళ్లే కుటుంబం. తండ్రి ఎక్కిన పడవ తిరిగి రాలేదని ఫోనొచ్చింది. సెలవు అడిగాడు. సెలవు కాగితం పై ఆఫీసుల్లో తిరుగుతూ ఉండగానే, ఆగలేక చెప్పకుండా రైలెక్కేశాడు. పట్టుకొచ్చారు. పట్టుకొచ్చేటప్పుడు పెనుగులాటలో, పట్టుకోవడానికి వెళ్లిన ఒక నాయక్ మూతి పగిలింది. ఇంకేముంది, బేడీలు వేసి క్వార్టర్ గార్డులో, అంటే తప్పు చేసిన సిపాయిల్ని ఉంచే గదిలో కూర్చోబెట్టారు. మర్నాడు వేరే ఊరు పంపాలి. ఆ రోజు కాపలాకి పెద్ద పతిరాజు.

రెండు రోజులుగా ఆ కుర్రాడు మెస్ నుంచి వచ్చిన రొట్టెలు ముట్టలేదు. పతిరాజు చూశాడు, చూశాడు, ఇక ఊరుకోలేకపోయాడు. స్టవ్ మీద అన్నం వండాడు. ఇంటి నుంచి తెచ్చుకున్న ఆవకాయ తీశాడు. కంచం పెట్టాడు. కుర్రాడు రెండు చేతులూ బేడీల్లో ఉండగా కంచం మీదికి వంగి, ముద్ద నోటి దాకా తెచ్చుకోలేక, సగం ఒళ్లో పోసుకున్నాడు. అది చూస్తూ నిలబడడం పతిరాజు వల్ల కాలేదు. వాళ్ల ఇంటా వంటా లేదు మరి. బేడీలు తీసేశాడు. కుర్రాడు ఆవురావురుమని తిన్నాడు. ఆవకాయ ముద్దలు అయిపోవచ్చాయి. అప్పుడు గుర్తొచ్చింది, పెరుగు పక్క గదిలో ఉండిపోయిందని. ప్యాకెట్ పాలు కాచి, గిన్నెకి తన స్వెటర్ చుట్టి, ఆ చలిలో ఆయన స్వయంగా తోడుపెట్టుకున్న పెరుగు. "కూర్చోండి, వచ్చేస్తున్నాను" అని చెప్పి వెళ్లాడు. ఖైదీతో అన్న మాట అది.

గిన్నె పట్టుకుని వచ్చేసరికి కంచం ఉంది, మనిషి లేడు. వెనక కిటికీ తెరిచి ఉంది.

మూడో రోజున విజయవాడ స్టేషన్లో దొరికాడు ఏసురాజు. దొరికినవాణ్ణి ఎలా తప్పించుకున్నావని అడిగితే, హవల్దారే బేడీలు తీసి పొమ్మన్నాడని చెప్పాడు. ఇద్దరూ తెలుగువాళ్లు, ఇద్దరిదీ గోదావరి వైపే. సైనిక కోర్టు వారికి ఇంకేం కావాలి? బల్ల అవతల కూర్చున్న అధికారుల్లో ఒకాయన పంజాబీ. "హవల్దార్, మేమూ పూటపూటా పెరుగు తింటాం. దాని కోసం ఖైదీని వదిలేసి వెళ్లం" అన్నాడు. మిగతావాళ్లు నవ్వారు. బేడీలు తెలిసే తీశావా అని అడిగారు. ఏదో పొరపాటు జరిగిందని చెప్పమని ఆయన తరఫున మాట్లాడే కెప్టెను కళ్లతో సైగ చేస్తూనే ఉన్నాడు. పతిరాజు ఛాతీ విరుచుకుని, "తెలిసే తీశాను సార్" అన్నాడు. ఆ కెప్టెను తల పట్టుకున్నాడు.

పొరపాటున ఖైదీ తప్పించుకుంటే రెండేళ్ల లోపే శిక్ష. కావాలని వదిలేస్తే పద్నాలుగేళ్ల దాకా పడుతుంది. వీళ్లు కావాలని వదిలేశాడని రాసి, ఐదేళ్లు వేసి, ఉద్యోగంలోంచి తీసేసి, సొంత రాష్ట్రం కాబట్టి రాజమండ్రి పంపారు.

వచ్చి ఏడాదిన్నర దాటింది. ఇక్కడ కొందరు ఆయన్ని ఓదార్చబోయారు. బుల్లియ్య అని ముసలి ఖైదీ ఒకడు, పప్పు రుబ్బుతూ, అంత చాకిరీ చేస్తే మీ మిలట్రీ మీకు చేసిన మేలు ఇదా అన్నాడొకసారి. పతిరాజుకి కోపం వచ్చింది. తప్పు చేస్తే అమ్మ ఒక దెబ్బ వేస్తుందని, దెబ్బ కాస్త గట్టిగా తగిలిందని అమ్మని మార్చుకుంటామా అని ఎదురడిగాడు. తన తప్పు తనకి తెలుసు. కాపలావాడు లేచి పక్క గదికి వెళ్లకూడదు. దానికి శిక్ష పడాలి, పడింది, అనుభవిస్తున్నాడు. కానీ ఆ 'కావాలని' అనే మాట మాత్రం మింగుడు పడలేదు. ఇన్నేళ్ల సర్వీసులో ఉన్నచోటు వదలొద్దంటే ప్రాణం మీదికి వచ్చినా కదలనివాడిని, సైన్యాన్ని మోసం చేశాడని రాస్తారా? ఆ ఒక్క మాట కొట్టేస్తే చాలు. కొట్టేస్తే రెండేళ్ల లోపు శిక్షే కాబట్టి, జైల్లో మంచి నడవడికి తగ్గించే రోజులతో కలిపి, మర్నాడే ఇంటికి పోవచ్చు. కొట్టేస్తారనే నమ్మకం ఆయనకి ఒక్కరోజు కూడా సడలలేదు. నిజం చెప్పినవాడికి తొందరేమిటంటాడు.

తొందర ఆయన భార్య మంజుషకి ఉంది. ఊళ్లో రొయ్యల చెరువులు ఆవిడ చూసుకుంటోంది. రొయ్యకి మేత ఎప్పుడు వెయ్యాలో, నీళ్లకి గాలి కొట్టే ఏరేటర్లు ఎప్పుడు తిప్పాలో మగవాళ్లే వచ్చి ఆవిడని అడిగి వెళుతున్నారు. డబ్బుకి లోటు లేదు. మనిషికే లోటు. ఆవిడే కాకినాడ లాయరు ప్రవీణ్‌ని పట్టుకుని, శిక్ష మళ్లీ పరిశీలించమని పైకి పెట్టుకునే అర్జీ రాయించింది. ప్రవీణ్ తెలివైనవాడు. ఆ రోజు హవల్దారుకి బీపీ పెరిగి కళ్లు తిరిగాయని, ఆ మైకంలో ఏం చేశాడో తెలియలేదని పది పేజీలు అందంగా రాశాడు. పతిరాజు చదివి, మడిచి, తిరిగి ఇచ్చేశాడు. సర్వీసు మొత్తంలో ఒక్కరోజు ఒంట్లో బాగాలేదని పడుకోలేదట, ఇప్పుడు కళ్లు తిరిగాయని చెప్పుకుని బయటికి రావాలా అన్నాడు. తనే ఒక కాగితం అడిగి తీసుకుని రాశాడు. బేడీలు తెలిసే తీశాను. పెరుగు కోసం తెలివితక్కువగా వెళ్లాను. పొమ్మని మాత్రం చెప్పలేదు. అంతే, మూడు ముక్కలు, కింద తన ఆర్మీ నంబరు, సంతకం.

"ఇలాగైతే నేను చెయ్యగలిగిందేం లేదండి" అన్నాడు ప్రవీణ్. అయినా పంపాడు.

జవాబు రాకముందే ఏసురాజు వచ్చాడు.

అతనికీ మూడేళ్లు పడ్డాయి. ఎక్కడో వేరే జైల్లో ఉన్నవాణ్ణి, తల్లి ఒక్కతే ఉంది, చూసిపోవడానికి దగ్గరవుతుందని ఇక్కడికి మార్చారు. మధ్యాహ్నం భోజనాల వరసలో కంచం పట్టుకుని ముందుకు జరుగుతూ జరుగుతూ, గరిట పట్టుకున్నది ఎవరో చూసి, అక్కడే కొయ్యబారిపోయాడు. వెనకవాళ్లు తోస్తున్నా కదల్లేదు. పతిరాజు కూడా చూశాడు.  గరిట నిండా అన్నం తీసి, అందరికీ వేసినట్టే వేశాడు. ఏసురాజు ఆ కంచం తీసుకెళ్లి ఎవరికో ఇచ్చేశాడు. మర్నాటి నుంచి వరసలోకే రాలేదు.

ములాఖత్ రోజున మంజుష వచ్చింది. గాజు పలక అవతల ఫోను చెవి దగ్గర పెట్టుకుని, ఈ వార్త వినగానే ఆవిడ ముఖం వెలిగిపోయింది. దేవుడే తెచ్చి పడేశాడంది. రెండు మాటలు అడగండి, తాను చెప్పింది అబద్ధమని వాడి చేత ఒక కాగితం రాయించండి, రేపే ప్రవీణ్‌కి ఇస్తానంది. పతిరాజు గాజు పలక మీది మరక వేలితో తుడవసాగాడు. ఆవిడకి అర్థమైపోయింది.

"అడగరా?"

"అన్నం పెట్టాను కదండీ మంజూ, ఎలా అడుగుతాం?"

"అన్నం పెట్టినందుకే కదా ఇక్కడున్నారు!"

"అందుకే. పెట్టి, దానికి బదులు అడిగితే అది పెట్టినట్టు కాదు. అమ్మినట్టు."

మంజుష ఫోను కింద పెట్టేసింది. కాసేపు అటు తిరిగి కూర్చుంది. మళ్లీ తీసింది. మీ మర్యాద మా కొంప ముంచిందంది. పాప శ్రీసత్య స్కూల్లో, మా నాన్నగారు సియాచిన్‌లో ఉన్నారు, అక్కడ ఫోన్లు పనిచేయవు అని చెప్పుకుంటోందంది. తొమ్మిదో తరగతి పిల్ల, ఆ అబద్ధం కోసం సియాచిన్ గురించి పుస్తకం తెచ్చుకుని చదువుతోందంది. అడగడం మీకు చిన్నతనమైతే నేనే వాళ్లమ్మ దగ్గరికి వెళతాను, ఆ ఊరు నాకు ఎంత దూరం అంది.

 పతిరాజు ఫోను ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చుకుని, వెళితే వెళ్లండి, కానీ ఆవిడ మిమ్మల్ని కూర్చోబెట్టి ముందు చేపల పులుసు పెడుతుంది, అది తిన్నాక మీరు అడగగలరేమో చూసుకోండి అన్నాడు. మంజుష ఏడుస్తూనే నవ్వింది. నవ్వినందుకు తన మీద తనకే కోపం వచ్చి లేచి వెళ్లిపోయింది. వెళ్లింది గానీ ఆ ఊరు మాత్రం వెళ్లలేదు.

ఆ రోజు పతిరాజు వంటశాలలో కత్తిపీట ముందు తనే కూర్చుని కూరలన్నీ తరిగాడు. అడగకపోవడం సరైన పనే, ఆ సంగతిలో ఆయనకి సందేహం లేదు. సరైన పని చేసినప్పుడు ఒళ్లు తేలికగా ఉండాలి కదా, ఎందుకింత బరువుగా ఉందని మాత్రం అనుకున్నాడు. సియాచిన్‌లో ఆయన నిజంగానే పనిచేశాడు. అక్కడ తిండి ఎలా ఉంటుందో పాప అడిగితే చెప్పాలని ఉంది.

ఏసురాజు వరసలోకి రావడం మానేసిన నాలుగో రోజున బుల్లియ్య ఒక కబురు తెచ్చాడు. ఆ కొత్త కుర్రాడు బ్యారక్‌లో ఎవరైనా మిగిల్చిన బ్రెడ్డు ముక్కలు తిని నీళ్లు తాగుతున్నాడట. అదిగో, అక్కడ పతిరాజుకి నిజంగా కోపం వచ్చింది. అబద్ధం చెప్పి ఐదేళ్లు వేయించినప్పుడు కూడా అంత కోపం రాలేదు. తన వంటశాల ఉండగా ఒక మనిషి బ్రెడ్డు ముక్కలు తినడమా? జైలరు అనుమతి తీసుకుని, కంచంలో అన్నం, సాంబారు, దొండకాయ వేపుడు పెట్టుకుని బ్యారక్‌కి వెళ్లాడు. ఏసురాజు గోడ దగ్గర కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు. ఈయన్ని చూడగానే లేచి నిలబడి, సెల్యూట్ చెయ్యబోయి, చెయ్యకూడదని గుర్తొచ్చి చెయ్యి దించేశాడు.

పతిరాజు కంచం ముందు పెట్టాడు. "తినండి. మీ దగ్గర నాకేం అక్కర్లేదు. తిండి మీద మాత్రం అలగకండి, నాకు నచ్చదు."

 ఏసురాజు తినడం మొదలుపెట్టేదాకా నిలబడి, తిరిగి వచ్చేశాడు. మర్నాటి నుంచి కుర్రాడు వరసలోకి వచ్చాడు. తల ఎత్తడు, కంచం చాపుతాడు, ఈయన వేస్తాడు. వారాలు గడిచాయి. జైలంతా ఆ ఇద్దరి వంకా చూసింది. ఇవాళ మాట్లాడతారు, రేపు కొట్టుకుంటారని పందేలు కట్టినవాళ్లు విసిగిపోయి వదిలేశారు.

అప్పుడు మేజరు వచ్చాడు.

సైన్యంలో న్యాయశాఖ వాళ్లు పంపిన అధికారి. పుణె నుంచి విమానం, ఎయిర్‌పోర్టు నుంచి కారు, ఎండకి కందిపోయి సూపరింటెండెంట్ గదిలో ఫ్యాను కింద కూర్చుని ఉన్నాడు. పతిరాజుని పిలిపించారు. టోపీ లేదు కాబట్టి సెల్యూట్ లేదు. అటెన్షన్‌లో నిలబడ్డాడు. మేజరు కూర్చోమన్నా కూర్చోలేదు. మాటలన్నీ హిందీలోనే నడిచాయి.

మేజరుకి అర్జీ చదివి ముచ్చటేసిందట. ఇలాంటివి నెలకి పాతిక చదువుతాననీ, ప్రతివాడూ పది పేజీలు రాస్తాడనీ, మూడు వాక్యాలది మొదటిసారి చూశాననీ అన్నాడు. కానీ పెరుగు కోసం వెళ్లాననేది ఎవరు నమ్ముతారు?

"చెప్పడం నా పని సార్. నమ్మడం మీ పని."

సూపరింటెండెంట్ ఉలిక్కిపడ్డాడు. మేజరు మాత్రం నవ్వు ఆపుకుని పెన్ను తీశాడు. సరే, ఆ సిపాయి మీరే పొమ్మన్నారని చెప్పాడు కదా, అతను అబద్ధం చెప్పాడని మీరు అనండి, నేను రాసుకుంటాను, మిగతాది నేను చూస్తానన్నాడు. ఆ ఒక్క మాటతో తలుపు తెరుచుకుంటుందని ఆ గదిలో అందరికీ తెలుసు. పతిరాజుకీ తెలుసు. పాప కళ్ల ముందు మెదిలింది. మంజుష అటు తిరిగి కూర్చున్న వీపు మెదిలింది. అంటే తప్పేముంది, అది నిజమే కదా? నాలుక చివరిదాకా వచ్చింది.

"అతనేం చెప్పాడో అతన్ని అడగండి సార్. నేను చేసింది నేను రాశాను. ఆ రోజు పారిపోవాలని చూడడం ఖైదీ పని, పోకుండా చూడడం నా పని. అతను తన పని చేశాడు. నేను చెయ్యలేదు."

మేజరు ముందుకు వంగాడు. అతను ఇక్కడే ఉన్నాడటగా, మీ చేత్తోనే తింటున్నాడటగా, ఇన్నాళ్లలో అతనితో ఏం మాట్లాడారని అడిగాడు. తినమని చెప్పానన్నాడు పతిరాజు. ఇంకా? ఇంకేం లేదన్నాడు. మేజరు సూపరింటెండెంట్ వంక చూశాడు. ఆయన అవునన్నట్టు తల ఊపాడు.

ఏసురాజుని లోపలికి తెచ్చారు. గుమ్మంలోనే పతిరాజుని చూసి తడబడ్డాడు. మేజరు సూటిగా అడిగాడు. ఈ హవల్దారు నిన్ను పొమ్మన్నాడా, లేదా? ముందే చెబుతున్నాను, అప్పుడు అబద్ధం చెప్పానని ఇప్పుడంటే నీకు శిక్ష పెరగొచ్చు.

ఏసురాజు నేల చూపులు చూశాడు.  పతిరాజు కిటికీ అవతల చూస్తూ నిలబడ్డాడు. తాను చూస్తే అది అడిగినట్టు అవుతుందని భయం.

"పొమ్మనలేదు సాబ్" అన్నాడు ఏసురాజు. ఆ తర్వాత మాటలు వాటంతటవే వచ్చేశాయి. కూర్చోండి, వచ్చేస్తున్నాను అన్నారు, అంతే. పట్టుకున్నప్పుడు మొదట అదే చెప్పాను సాబ్. పెరుగు తేవడానికి వెళ్లారని చెప్పాను. ఎవరూ నమ్మలేదు. ఒకసారి కాదు, రెండు రోజులు అడిగారు, రెండు రోజులూ అదే చెప్పాను. మమ్మల్ని వెర్రివాళ్లనుకుంటున్నావా అన్నారు. నీకు సాయం చేశాడు కదా, అది చెప్పు, వదిలేస్తామన్నారు. చర్చిలో నాన్న జ్ఞాపకార్థ కూడిక ఆ ఆదివారమే. దానికన్నా పంపిస్తారేమోనని, వాళ్లు ఏది నమ్ముతారో అదే చెప్పాను. పంపించలేదు.

మేజరు రాసుకున్నాడు. చాలాసేపు రాశాడు. తర్వాత పెన్ను మూత పెట్టి, ఇది సరిపోతుందనుకుంటానని, కావాలని చేశాడన్నది తీసేయమని తాను సిఫారసు చేస్తానని, అప్పుడు రెండేళ్ల లోపు శిక్ష కాబట్టి వెంటనే విడుదల చేస్తారని పతిరాజుకి చెప్పాడు. ఉద్యోగం తిరిగి రావడం మాత్రం కష్టమన్నాడు. ఇక ఈ సిపాయి మీద, తప్పుడు సాక్ష్యం చెప్పినందుకు, ఫిర్యాదు ఇస్తారా?

"ఇవ్వను సార్." పతిరాజుకి ఆలోచించుకోవడానికి ఊపిరి తీసుకున్నంత సేపు కూడా పట్టలేదు. "అతన్ని నాకు అప్పజెప్పారు. నా చేతిలోంచి ఇంకొకరు సంతకం పెట్టి తీసుకోలేదు. అతనికి ఏదైనా జరిగితే ఇప్పటికీ జవాబు చెప్పాల్సింది నేనే."

మేజరు ఫైలు మూసి లేచాడు. వెళ్లొచ్చన్నాడు. పతిరాజు కదల్లేదు. ఏడాదిన్నర నుంచి ఆయన దిట్టంగా నిలబడ్డాడు. కోర్టులో నిలబడ్డాడు, లాయరు ముందు నిలబడ్డాడు, భార్య కన్నీళ్ల ముందు కూడా పడిపోకుండా నిలబడ్డాడు. కానీ ఒక విషయం లోపల నలుగుతూనే ఉంది. అబద్ధం చెప్పినందుకు కాదు. పారిపోయినందుకూ కాదు. మేజరుని అనుమతి అడిగి, ఏసురాజు వైపు తిరిగి తెలుగులో అడిగాడు.

"ఒక్కమాట. గిన్నె పట్టుకుని రావడానికి నాకెంతసేపు పట్టిందండీ? ఆకలితో ఉన్నారు కదా. పెరుగన్నం తినేదాకా ఆగలేకపోయారా?"

ఏసురాజు మొదటిసారి తల ఎత్తి ఆయన కళ్లలోకి చూశాడు.

"ఆగితే ఇంక వెళ్లలేనండి. మీరొచ్చి పెరుగు వేశాక, అది తినేసి, మిమ్మల్ని మోసం చేసి లేవలేనండి. అందుకే మీరు వచ్చేలోపే వెళ్లిపోయాను."

అదేంటని మేజరు అడిగాడు. సూపరింటెండెంట్ హిందీలో చెప్పాడు. మేజరు విని, మళ్లీ కూర్చుని, మూసిన ఫైలు తెరిచి, ఆ మాట కూడా రాసుకున్నాడు.

పతిరాజు అటెన్షన్‌లోనే ఉన్నాడు. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి. అధికారి ఎదుట ఏడవడం ఆయన సర్వీసు మొత్తంలో అదే మొదటిసారి. తుడుచుకోవడానికి చెయ్యి కదపకూడదని, కదపలేదు.